జైల్లో అద్దాలక్క

ఆవిడకి బజార్లో కళ్ళద్దాల షాపు ఉంది. చర్చిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడని అద్దాలక్క అనే పిలుస్తారు. ఎవరు ఎదురుపడినా ముందు ముఖం చూడదు, ముక్కు మీది ఫ్రేము చూస్తుంది. వంకరగా కనబడితే నడివీధిలోనే లాక్కుని, సరిచేసి, మళ్ళీ తనే పెడుతుంది.

ఆ చర్చివాళ్ళు నెలనెలా జైలుకి వెళ్ళి ఖైదీలతో కలిసి ప్రార్థన చేసి వస్తుంటారు. అద్దాలక్క మాత్రం ఎప్పుడూ తప్పించుకునేది. "నాకు పాటా రాదు, మాటా రాదు. అక్కడికొచ్చి ఏం చేయను?" అనేది. ఆ నెల బైబిళ్ళ పెట్టెలు మోయడానికి మనుషులు చాలక పాస్టరు గారు ఆవిణ్ణి వదల్లేదు.

లోపల పొడవాటి హాల్లో ఖైదీలు వరసలుగా కూర్చున్నారు. బైబిళ్ళు పంచగానే అందరూ బుద్ధిగా తెరిచారు. పాస్టరు గారు కీర్తన చదువుతుంటే అద్దాలక్క కళ్ళు ఖైదీల చేతుల మీదే ఉన్నాయి. ముందు వరసలో జైలు వంటశాలలో పనిచేసే ముసలాయన పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పెట్టి, తల వెనక్కి వాల్చి, చివరికి మూసేశాడు. ఆయన పక్కనున్న బక్కపల్చటి మనిషి పేజీ వంక చూడకుండానే పెదాలు కదుపుతున్నాడు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్లో ఆవిడ ఉండబట్టలేకపోయింది. "పాస్టరు గారూ, మనం పంచిన వాటిలో సగం మూతబడే ఉంటాయి."

"అదేంటక్కా! వాళ్ళకి భక్తి లేదంటావా?"

"భక్తికేం, బోలెడుంది. చత్వారం కూడా బోలెడుంది."

ఆదివారం చర్చిలో నలుగురి ముందూ నోరు విప్పని మనిషి లేచి నిలబడింది. "మీ సొరుగుల్లో పడున్న పాత కళ్ళద్దాలన్నీ పట్రండి" అంది. వారం తిరిగేసరికి బల్ల నిండిపోయింది. జైలు సూపరింటెండెంటు గాజు రాకూడదు, ఇనుము రాకూడదు అన్నాడు. ఆవిడ ప్లాస్టిక్ ఫ్రేములు ఏరి, ప్లాస్టిక్ అద్దాలు అరగదీసి బిగించింది. నెల తిరిగేసరికి రెండు పెట్టెలు సిద్ధమయ్యాయి.

కంటి పరీక్షల రోజు హాలు హాలంతా తిరునాళ్ళలా ఉంది. బండరాయిలాంటి మనిషి ఒకడికి సరిపోయే అద్దాలు ఊదారంగు పూల ఫ్రేములో తప్ప దొరకలేదు. పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. "ఎవడన్నా నవ్వాడో!" అన్నాడు, తనే ముందు నవ్వేస్తూ.

తర్వాత వంట తాత వచ్చాడు. మూడోసారి మార్చిన అద్దాలు కుదిరాయి. ఆవిడ చదవమని బైబిలు అందిస్తే ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"మా అమ్మాయి ఉత్తరం తల్లీ. ముందు ఇది చదువుకోనా?"

"చదువుకో తాతా."

ఆయన పెదాలు కదిలాయి, ఆగాయి. అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. బక్కపల్చటి మనిషి మెల్లగా తలుపు వైపు జరుగుతున్నాడు. అందరికీ ఉత్తరాలు చదివి, జవాబులు రాసిపెట్టే ఆయన్ని అక్కడ మాస్టారు అంటారు.

"మాస్టారూ, ఇలా రా. ఈ ఉత్తరంలో ఏముందని చెప్పావు నాకు?"

"అందరూ... కులాసా అని..."

"ఏదీ, ఆ మాట ఎక్కడుందో చూపించు."

మాస్టారు కాగితం అందుకోలేదు. "నాకూ చూపానక రెండేళ్ళయింది తాతా. మాస్టారూ మాస్టారూ అని మీరంతా పిలుస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు."

"మరి జవాబులు?"

"రాయడానికేం, చేతికి అలవాటేగా. అందరం కులాసా అనే రాశాను."

గొడవ తప్పదనుకుని వార్డరు ముందుకొచ్చాడు. తాత గొంతు సవరించుకుని ఉత్తరం పైకి చదివాడు.

"నాన్నా, పాపకి పేరు నువ్వే పెట్టాలని ఇది నాలుగోసారి రాయడం. ఎన్నిసార్లడిగినా కులాసా అనే రాస్తావు. ఆ పేరే ఖాయం చేద్దామా అని మా ఆయన ఎగతాళి చేస్తున్నాడు. పాపకి నడక కూడా వచ్చేసింది. ఇంకా చిట్టి అనే పిలుస్తున్నాం."

ముందు తాత పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. ఆయన పగలబడి నవ్వేసరికి హాలంతా గొల్లుమంది. వార్డరు గోడకి జారబడి నవ్వాడు. మాస్టారు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అద్దాలక్క అతన్ని కుర్చీలోకి లాగింది. "ఇక్కడ కూర్చో మాస్టారూ. ఇహ నీకు సాకులుండవు" అంటూ అద్దాలు పెట్టింది. అతను తన అరచేతుల్ని చాలాసేపు చూసుకున్నాడు.

ఆ ఉత్తరానికి జవాబు తాత తన చేత్తోనే రాశాడు. పేరు మాత్రం రాయలేదు, ఎదురుగా చెప్పాలట. కూతురి ఊరు చాలా దూరం. విషయం తెలిసి చర్చివాళ్ళే పై నెల వ్యాను పంపి ఆమెనీ పాపనీ తీసుకొచ్చారు. సూపరింటెండెంటు ఆ రోజుకి హాల్లోనే కలవనిచ్చాడు.

తాత మోకాళ్ళ మీద కూర్చుని, పాప బుగ్గలు పట్టుకుని పేరు పెట్టి పిలిచాడు. కూతురు "అమ్మ పేరు!" అంటూ తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. "నేనూ అదే అనుకున్నా నాన్నా. నువ్వంటావా అనవా అని చూశా."

తాత చేతులు వదిలేసరికి పాప హాలు మధ్యలోకి పరుగెత్తింది. ముందుగా పూల ఫ్రేము మనిషి వంగి ఆ పేరుతో పిలిచాడు. అవతల వరసలోంచి మాస్టారు పిలిచాడు. ఆ తర్వాత పాస్టరు గారు, వార్డరు, ఎప్పుడూ గొంతెత్తని అద్దాలక్క కూడా, అన్ని మూలల నుంచీ పిలుపులే. అందరూ తననే పిలుస్తున్నారని పాపకి అర్థమైంది. ఎటు వెళ్ళాలో తోచక, ఉన్నచోటే గిర్రున తిరుగుతూ రెండు చేతులతో చప్పట్లు కొట్టింది.