చేతులకేసి చూసే మనిషి

ఓడ ఎక్కిన పూటే పిన్ని నాతో, "ఆ కొత్తాయన మీద ఓ కన్నేసి ఉంచు" అంది. అనడమంటే చేతులతోనే, అదీ ఎవరికీ కనబడకుండా. పిన్నికి పుట్టుకతోనే వినబడదు. ఆమె మాటలు ఆమె వేళ్ల మీద చదువుకుంటూనే నేను పెరిగాను.

వినికిడి లేనివాళ్ల కోసం పెట్టిన విహారయాత్ర అది. ఓడలో మామూలు ప్రయాణికులూ ఉన్నారు గానీ మావాళ్లకు భోజనాల గది వేరు. పడుకునే గది బయట బటన్ నొక్కితే లోపల దీపం మినుకుమంటుంది. దిండు కింద పెట్టుకున్న బిళ్ల వణికి నిద్ర లేపుతుంది. మైకులో చెప్పేవన్నీ తెర మీద రాతలై వస్తాయి. ఇదంతా చూసి ఇస్త్రీ మామ, "మన చెవులకి ఇంత మర్యాద ఇంట్లో కూడా జరగలేదు" అన్నాడు.

ఇస్త్రీ మామ, బొత్తాలక్క, పిన్ని ఒకే బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ముగ్గురూ కలిసి బయటికొచ్చి సొంతంగా కుట్టు షాపు పెట్టుకోవాలని చూస్తున్నారు. ఫ్యాక్టరీలో ఆ మాట ఎత్తడానికి లేదు. ఒకప్పుడు యజమాని, చేతిభాష తెలిసినవాణ్ణి ఒకణ్ణి తెచ్చి చెవిటివాడని చెప్పి వీళ్ల పక్కన కూర్చోబెట్టాడు. వాడు భోజనాల వేళ వీళ్ల చేతులు చూసి, పోయి యజమానికి ఒప్పజెప్పేవాడు. అప్పుడు ఇద్దరి పని పోయింది. ఇప్పుడు షాపు సంగతి ముందే పొక్కితే ముగ్గురూ రోడ్డున పడతారు. అందుకే నీళ్ల మధ్యకొచ్చి మాట్లాడుకుందామనుకున్నారు. తీరా చూస్తే, వాళ్ల బల్ల దగ్గర మిగిలిన కుర్చీ కొత్తాయనకి వచ్చింది.

ఆయన యాభై దాటిన మనిషి. రేకులు కొట్టే షెడ్డులో పనిచేసి చెవులు పాడయ్యాయని నోటితో చెప్పాడు. నేను చేతులతో పిన్నివాళ్లకు చెప్పాను. చేతిభాష ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడట. చెవికి మిషను ఉంది. ఎవరేమన్నా నవ్వి తల ఊపుతాడు. మిగతా వేళంతా రెప్ప వేయకుండా వాళ్ల చేతులకేసి చూస్తాడు.

"తల ఊపుతున్నాడంటే తెలుస్తున్నట్టేగా," అంది బొత్తాలక్క, ఆయన లేచి వెళ్లాక. "పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వ్యవహారం."

మర్నాడు టిఫిన్ దగ్గర పరీక్ష పెట్టారు. మావాళ్లు ఒకరినొకరు పిలవాలంటే కాలితో నేలని తంతారు. అదురు తెలిసి అవతలివాళ్లు తల తిప్పుతారు. ఇస్త్రీ మామ గట్టిగా తన్నాడు. పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూశారు, కొత్తాయన తిరగలేదు. కాసేపాగి పిన్ని ఆయన వెనగ్గా ఒక చెంచా జారవిడిచింది. ఠక్కున తిరిగాడు.

"చూశారుగా," అన్నాడు ఇస్త్రీ మామ, ఆయన టిఫిన్ ముగించి బయటికెళ్లాక. "ఈయనకి చెవుడు కాళ్లకే గానీ చెవులకి లేదు."

"యజమాని మనిషే. మధ్యాహ్నం ఈ యాత్ర నడిపే గైడమ్మ వస్తుంది కదా, ఈ గదిలోంచే పంపించేయమందాం," అంది బొత్తాలక్క. "వెళ్లి వినేవాళ్లతో తింటాడు."

ఈ యాత్రకు సగం మందిని కూడగట్టింది పిన్నే. ఆమె అడిగితే గైడమ్మ కాదనదు. పిన్ని మాత్రం వెంటనే ఊ అనలేదు. నా భుజం తట్టింది.

"చెంచా చప్పుడు వేరు, మాట వేరు. నువ్వెళ్లి వెనక నిలబడి నోటితో మాట్లాడు. చూద్దాం."

ఆయన డెక్కు మీద కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిన్ని అద్దాల తలుపు అవతల నుంచి చూస్తోంది. నేను వెనగ్గా వెళ్లి, "బాబాయ్ గారూ, మీ చొక్కా వెనక చిరిగింది" అన్నాను. చొక్కా నిక్షేపంలా ఉంది. విన్నవాడైతే వీపు తడుముకోవాలి.

ఆయన గబుక్కున ఇటు తిరిగాడు.

పెదాలు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ అదే మాట అన్నాను. ఆయన కళ్లు నా చెయ్యి చుట్టూ కాసేపు వెతికాయి. తర్వాత నవ్వి తల ఊపాడు.

"అవునమ్మా, అవును. చాలా బాగుంది."

చెయ్యి తీసేశాను. "ఏం బాగుంది బాబాయ్?"

ఆయన నవ్వు మెల్లగా పోయింది. "వేరే ఏదో అడిగావా? ఇంట్లోనూ ఇదే వరస. మళ్లీ చెప్పమంటే విసుక్కుంటారు, అవునంటే ఊరుకుంటారు. ఇక్కడ కళ్లతో పట్టుకోవచ్చు కదా అని వచ్చాను. మీవాళ్ల చేతులేమో చేపల్లా జారిపోతున్నాయి. ఎంత చూసినా ఒక్కటీ దొరకదు."

"మరి మా మామ నేల తంతే తిరగలేదేం?"

"నన్ను పిలవడానికా? ఇంజను అదురనుకున్నాను."

వెళ్లి అంతా చెప్పాను.

"అదీ నాటకమే," అంది బొత్తాలక్క.

"అయ్యుండొచ్చు," అంది పిన్ని. "కానీ ఆ తల ఊపడం నేనూ అద్దం అవతల నుంచి చూశాను. అత్తారింట్లో నేనూ అలాగే ఊపాను. వేటికి ఒప్పుకున్నానో నాకే తెలీదు."

"అయితే నమ్మేశావా?"

"నమ్మలేదు. ఆయన ముందు షాపు మాట ఎత్తకండి. నమ్మకపోతే మాట దాచుకుంటాం గానీ, కంచం లాక్కుంటామా?"

మధ్యాహ్నం గైడమ్మ వచ్చి, బల్ల గురించి ఏదో చెప్పాలన్నారట కదా అని అడిగింది. ఏమీ లేదంది పిన్ని. బొత్తాలక్క మొహం పక్కకి తిప్పుకుంది.

గైడమ్మ వెళ్లాక పిన్ని కొత్తాయన వైపు తిరిగి, ఇంట్లోవాళ్లు ఎందుకు రాలేదని చేతులతో అడిగింది. ఆయన నవ్వి తల ఊపాడు.

పిన్ని బల్ల మీదుగా వంగి ఆయన మణికట్టు పట్టుకుంది. ఊపొద్దని వేలు ఆడించింది. 'అర్థం కాలేదు' అనడం ఎలాగో రెండుసార్లు చేసి చూపించింది. ఆయన నా వైపు చూశాడు. నేను పిన్ని చేతులకేసి చూపించాను.

మొరటు వేళ్లతో, తప్పుగానే అయినా, ఆయన ఆ మాట అన్నాడు.

పిన్ని మళ్లీ అడిగింది, ఇంకాస్త నెమ్మదిగా. ఆయన చాలాసేపు చూసి మళ్లీ అర్థం కాలేదన్నాడు. అని, ఆమె విసుక్కుంటుందేమోనని మొహంలోకి చూశాడు.

పిన్ని మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, మొదటి నుంచి అడగడం మొదలుపెట్టింది.