గిలాస్ తిరుమల్

ఇసుక గాలి లేచింది. పని ఆపి దిగిపొమ్మని ఫోర్‌మన్ చేతులూపుతూ "ఖలాస్, ఖలాస్!" అని అరిచాడు. తిరుమల్ ఇనుము కోసే గ్రైండర్ పక్కన పెట్టి, ఉరుక్కుంటూ పోయి, స్టీలు గిలాసు నిండా నీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

అరబ్బు దేశంలోని ఆ మెసయీద్ సైటంతా నవ్వింది. పొద్దు గూకేసరికి బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో తిరుమల్ పేరే మారిపోయింది.

"ఏం గిలాస్ బావా, మతి పోతున్నదా?" అన్నాడు రూములో ఉండే హన్మాండ్లు.

తిరుమల్‌కు నవ్వు రాలేదు. నిరుడు పోయిన తల్లి చిన్నవ్వ, చివరి రోజుల్లో ఫోన్లో కొడుకునే "నువ్వెవలు బిడ్డా?" అని అడిగేది. ఈమధ్య తనకూ చెప్పిన పని గుర్తుండటం లేదు. ఏభై నిండకముందే తల్లి దారి పట్టాడా? కూతుర్ని తను అలా అడిగే రోజు రాకూడదు. సెలవు చూసుకుని క్లినిక్‌కు పోయాడు.

డాక్టర్ నఫీసాది నిజామాబాదే. మాస్కు వెనక నుంచి మెల్లగా మూడు మాటలు చెప్పి మళ్ళీ చెప్పమంది. అతను తెల్లమొహం వేశాడు. మాస్కు తీసి గట్టిగా చెప్పి, కాసేపాగి అడిగితే మూడూ పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

"నీ మతికేం కాలేదన్నా. మాట లోపలికి పోతే కద యాదుండేది! గ్రైండర్ మోత నీ చెవులను తిన్నది."

"అయితే మా అవ్వ రోగం నాకు రాదా మేడం?"

"రాదని మాటియ్యలేను. కానీ చెవులను ఇట్లనే వదిలేసి, మాట్లాడుడు బంజేసి మూలకు కూసుంటే ముప్పు పెరుగుతది. బీపీ గూడ ఎక్కువుంది. గోలీలు వేసుకో, పచ్చళ్ళు తగ్గించు, రోజూ నడువు, చెవులకు మిషన్ పెట్టుకో. సిగరెట్ మాఫీ."

"నాకు మాఫీ చేసిండ్రా?"

"మన అప్పుల మాఫీ కాదు, అరబ్బీ మాఫీ. అంటే ‘లేదు’. సిగరెట్ లేదంటే లేదు!"

మిషన్ సంగతి విని హన్మాండ్లు బెదిరిపోయాడు. "చెవిటోనివని తెలిస్తే కంపెనీ టికెట్ కొట్టి ఇంటికి తోలుతది. ఇన్నొద్దులసంది తల ఊపుకుంట నెట్టుకొస్తలేవా?"

"ఊపి ఊపే ఇంత దూరం తెచ్చుకున్న. యల్లా, లెవ్వు, నడుద్దాం. నడుసుకుంట తిట్టు. గట్టిగ తిట్టు, ఇనవడాలె."

సిగరెట్ మానిన చిరాకుతో వారం పాటు అందరి మీదా కస్సుమన్నాడు. నడక మాత్రం ఆపలేదు.

మిషన్ వచ్చిన మర్నాడు అది పెట్టుకునే సైటుకు పోయి, అందరి ముందూ ఇంజనీర్ రామకృష్ణారావుకు ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, నాకు చెవులు సరిగ ఇనవడయి. గ్రైండర్ కాడికెళ్ళి తీసి టైల్స్ కాడ వెయ్యున్రి."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంజనీర్ ఫోను చూసుకుంటూ అటు తిరిగి ఏదో గొణిగాడు. తిరుమల్ తల ఊపలేదు.

"ఇనవడలే సార్. ఇటు తిరిగి మళ్ళ చెప్పున్రి."

రామకృష్ణారావు ఫోను జేబులో పెట్టాడు. "టైల్స్ దగ్గరికే వెళ్ళమన్నానయ్యా! ఆఫీసువాళ్ళతో నేను మాట్లాడతాలే."

"మాట్లాడేటప్పుడు నేను గూడ ఉంట సార్. నా ముందల్నే మాట్లాడున్రి."