పేషెంటు తాలూకు మనిషి

"నా మెడ గట్టిగా పట్టుకోండి అత్తయ్యా" అని ఆవిడ నడుం కింద చేతులు పెట్టి లేపబోయాను. నా బొడ్డు పక్కన ఉబ్బు మళ్ళీ బయటికొచ్చింది. ఆవిడని అలాగే దిండుకి చేరేసి, మంచం పట్టుకుని నిలబడి, దాన్ని అరచేత్తో లోపలికి నొక్కుకున్నాను. రోజూ పొద్దున్నే ఇదే వరస. ముందు ఆవిడని లేపడం, తర్వాత నన్ను నేను సర్దుకోవడం.

"ఏమే, మొహం అలా పాలిపోయిందేం? నువ్వు ముందు పోతే నా గతేం కాను?" అంది అత్తయ్య. పక్షవాతం ఒక కాలూ చెయ్యీ తీసుకుంది గానీ నోటి జోలికి పోలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ ఇంట్లో నా మొహం చూసేది ఆవిడొక్కతే, అదీ తన గతేమవుతుందోనని.

నా ఉబ్బు హెర్నియా అని తేలి చాలా రోజులైంది. బరువులెత్తొద్దు, పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది, త్వరగా ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ సౌండ్ తగ్గించాడు, అంతవరకు మెచ్చుకోవాలి. "చేయిద్దాంలే. కానీ నువ్వు పడుకుంటే అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు. నేను అడగాల్సింది నన్నే అడిగితే ఏం చెప్పను? ఆఫీసులో ఆడిట్ అయ్యాక అన్నాడు. అయింది. పిల్లల పరీక్షలయ్యాక నేనొచ్చి ఉంటాగా అంది మా ఆడపడుచు. అవీ అయ్యాయి, పిల్లలు పాసయ్యారు కూడా. ఆవిడుండేది రెండు వీధుల అవతలే. ఆదివారం వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ, "వదినా, నువ్వు దేవతవి. నావల్లయితే ఒక్క పూట కూడా కాదు బాబూ" అంటుంది. నాకు దేవతనవ్వాలని లేదు తల్లీ, కాసేపు నడుం వాల్చాలని ఉంది.

ఆస్పత్రి నుంచి అప్పుడప్పుడూ ఒక నర్సమ్మ ఇంటికొస్తుంది. అత్తయ్య వీపంతా తిప్పి చూసి, "ఒక్క పుండు లేదు, భలే చూసుకుంటున్నారు" అని, బీపీ మిషన్ సంచిలో సర్దేసుకుంటుంది. నా చెయ్యి పక్కనే ఉంటుంది, దానికి కట్టాలని మాత్రం తోచదు. పోయినసారి వచ్చినప్పుడు, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఇంటివాళ్ళ కోసం మీటింగ్ పెట్టామనీ, కష్టసుఖాలు చెప్పుకోవచ్చనీ, తప్పకుండా రమ్మనీ చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పెద్దావిడని మాత్రం ఒంటరిగా వదిలి రాకండేం" అంది. ఆ మీటింగ్‌కి ఎవరు వెళ్ళారో ఏమో మరి.

ఇవాళ మంచం పట్టుకుని నిలబడ్డాక కూడా నొప్పి తగ్గలేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆస్పత్రికి వెళ్ళాల్సిందే అన్నాను. మా ఆయన సగం రోజు సెలవు పెట్టాడు. పెట్టిన సంగతి చుట్టాల్లో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాడు. "మధ్యాహ్నానికల్లా వచ్చెయ్" అన్నాడు నాతో.

ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉండగా, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని నర్సు పిలిచింది. చటుక్కున లేచాను. లోపలికెళ్ళి ఫైలు అందించాను, పరీక్ష చేసే బల్ల మీద దుప్పటి ముడతలు సరిచేశాను, దిండు సర్ది గోడవైపు జరిగి నిలబడ్డాను. ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ గ్లవుజులు తొడుక్కుని తలుపు వైపు చూస్తోంది. నేనూ తలుపు వైపే చూస్తున్నాను.

"పేషెంటేరీ?" అంది.

"వస్తున్నార..." అనబోయి నాలిక్కరుచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. "నేనేనండీ."

నర్సు కిసుక్కుమంది. డాక్టరమ్మ నవ్వలేదు. "పడుకోండమ్మా. చెయ్యి చల్లగా తగుల్తుంది, ఉలిక్కిపడకండి" అని, అప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఆ మాట నేను అత్తయ్యకి రోజూ చెప్తాను. నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"నొప్పా?"

"కాదండీ."

"ఇంత పెద్దదయ్యేదాకా ఎందుకాగారు? ఆపరేషనయ్యాక ఆరు వారాలు ఏమీ ఎత్తకూడదు. ఇంట్లో మిమ్మల్ని చూసుకోడానికి ఎవరున్నారు?"

ఇంకోరోజైతే పరువు కోసం అందరూ ఉన్నారనేదాన్ని. "ఎవరూ లేరు" అన్నాను.

"ఒక్కరే ఉంటారా?"

"లేదండీ, సంసారమే. ఎవరికేం కావాలన్నా నన్నే పిలుస్తారు."

ఆవిడ గ్లవుజులు తీసేసింది. "కుట్లు ఆరేదాకా వార్డులోనే ఉంచుకుంటాను. వచ్చే నెల ఖాళీ ఉంది. రేపు కూడా ఒకటుంది, ఎవరో రానన్నారు. నన్నడిగితే రేపే. ఇంట్లో అడిగి చెప్పండి" అంది.

వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. మా ఆయన. "ఎక్కడున్నావ్? అమ్మ పక్క తడిసింది. డైపర్లెక్కడ పెట్టావు? చెల్లి ఫోనెత్తడం లేదు."

"మంచం కింద అట్టపెట్టెలో."

"నాకిది చేతకాదు, నువ్వొచ్చెయ్. ఇంతకీ ఏమన్నారు?"

"ఆపరేషన్ అన్నారు. వచ్చే నెలా ఉందట, రేపూ ఉందట."

"హమ్మయ్య, వచ్చే నెలన్నావుగా?"

"రేపే అన్నాను."

అవతల నుంచి అత్తయ్య అరుపులు వినపడుతున్నాయి. "మరి అమ్మ?" అన్నాడు.

"మీ అమ్మ దగ్గర మీరున్నారు. నా దగ్గర ఎవరుంటారో అది ఆలోచించండి."

నిజానికి రేపేనని నేనింకా ఆస్పత్రిలో ఎవరితోనూ అనలేదు. ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగి డాక్టరమ్మ గది తలుపు తట్టాను.