బోరుకు రాని గొట్టం, నన్నారి వేరు

నేను ఒక గొట్టం ముక్కను. పొడవు నాలుగడుగులు, రంగు ఒకప్పుడు నీలం. బోరు గొట్టాన్నని చెప్పుకుంటాను గానీ బోరులోకి ఒక్కనాడూ దిగలేదు. కళ్యాణదుర్గం దగ్గర ఒక మెట్టచేనులో బోరు వేస్తూ, మట్టి కూలకుండా నా అన్నలిద్దరినీ లోపలికి దించారు. రాయి తగలగానే నేల పైన మిగిలిన నన్ను కోసి పక్కన పడేశారు. ఏడువందల అడుగులు పోయినా దుమ్మే వచ్చింది. అన్నలు కనీసం లోపలికి వెళ్లి ఓడిపోయారు. నాకు ఆ భాగ్యం కూడా దక్కలేదు.

చేను వన్నూరప్పది. అన్నల్ని పైకి లాగించి, వాళ్లతో పాటు నన్నూ పెరటి గోడకు చేర్చాడు.

"ఇంగో బోరు ఏసేటప్పుడు పనికొస్తాయి" అన్నాడు.

ఆ మాట ఏటా అనేవాడు. ఏటా మమ్మల్ని తుడిచి బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు చూసుకుని నేను తెగ మురిసిపోయేదాన్ని. ఒకసారి కోడి వచ్చి నాలో గుడ్లు పెడితే, అదీ మర్యాదే అనుకున్నాను.

ఆయన భార్య అంజినమ్మకు బస్టాండు దగ్గర నన్నారి షర్బత్ బండి ఉండేది. నన్నారి అంటే సుగంధిపాల వేరు. ఒంట్లో వేడి చేసినా, మూత్రంలో మంట పుట్టినా, చెమటకాయలు లేచినా వాళ్లమ్మ ఆ వేరునే దంచి, కాచి తాగించేది. అంజినమ్మ ఆ కషాయంలో బెల్లం, నిమ్మరసం కలిపి అమ్మేది. ఒక వేసవిలో కొండ నుంచి వేరు తెచ్చే ఆమె ఉత్త చేతులతో వచ్చింది.

"అందరూ మొదలంటా పీకేసినారక్కా. యాడా లేదు" అంది.

అంగట్లో ఎసెన్స్ సీసాలున్నాయి గానీ, రంగునీళ్లు పోసి నన్నారి అని చెప్పడానికి అంజినమ్మకు నోరు రాలేదు. విత్తనం నుంచి తానే పెంచుదామనుకుంది. అది కుదరకపోతే ఇక నన్నారి మాట మరిచిపోవలసిందే.

చేని గట్టు మీద మిగిలిన ఒకే ఒక్క తీగ నుంచి మొదట పచ్చికాయలు కోసి, ఆ గింజలు నాటింది. ఒక్కటీ మొలవలేదు. తర్వాత కాయలు ఎండేదాకా ఆగింది. అవి పగలగానే గింజలు తెల్లటి కుచ్చులతో గాలికి లేచిపోయాయి. కొంగు పట్టుకుని వాటి వెంట ఆమె చేనంతా పరుగెత్తింది. మిగిలిన కాయలకు పగలకముందే గుడ్డ కట్టింది. కుచ్చు తుంచి, నానబెట్టి నాటితే మూడు మొలిచాయి, ఒకటి బతికింది. ఇంటి దగ్గర నేలంతా రాళ్లు. వేరు వంకర తిరుగుతుంది, తవ్వితే ముక్కలవుతుంది. అందుకని మొగుణ్ని గొట్టం అడిగింది.

"పెద్దవాటి జోలికి పోవద్దు. ఆ ముక్క తీసుకోపో, అది దేనికీ రాదు" అన్నాడు వన్నూరప్ప.

నన్ను పెరట్లో నిలువుగా పాతారు. ఇన్నాళ్లకు బోరు యోగం పట్టిందని ఛాతీ విరుచుకున్నాను. ఇసుకా, ఎర్రమన్నూ, మేకల ఎరువూ గొంతుదాకా నిండి, పైన ఆ బతికిన మొలకను నాటాక గానీ నాకు సంగతి బోధపడలేదు.

అంజినమ్మ బండి మీద మజ్జిగ అమ్ముతూ రెండు వేసవులు నెట్టుకొచ్చింది. మూడో వేసవిలో తీగను పట్టి లాగింది, వేరు కదలలేదు. వన్నూరప్ప రంపం తెచ్చి నిలబడ్డాడు.

"గట్టిగా లాగితే తెగుతాది. మూడేండ్ల చాకిరీ. గొట్టాన్నే నిలువునా కోసెయ్" అంది అంజినమ్మ.

"కోస్తే ఇంగ బోరుకు రాదు గదే."

"కోయకుంటే మాత్రం వచ్చిందా?"

ఆయన చుట్టూ మట్టి తవ్వి, నన్ను పైకి తీసి పడుకోబెట్టాడు. తర్వాత కోశాడు. త్యాగం గురించి గొప్పగా ఊహించుకున్న నేను పళ్లు తగలగానే ఊరంతా వినపడేలా కీచుమన్నాను. నా పొడవునా పెరిగిన వేరు తెగకుండా బయటికొచ్చింది. పెరడంతా ఘుమఘుమలాడింది.

ఆ వేరుతో చేసిన మొదటి గ్లాసు వన్నూరప్పకే ఇచ్చింది. ఒక్క గుక్కలో తాగి, "ఇంగొంచెం పొయ్యి" అన్నాడు. రెండో గ్లాసు కూడా తాగి, మూతి తుడుచుకుని, గోడ దగ్గరికెళ్లి నా అన్నల్ని కాసేపు నిమిరాడు. కళ్లలో తడి కనపడకుండా అటే తిరిగి అడిగాడు.

"అంజినా, వీటిని ఎన్ని ముక్కలు చేయల్ల?"

ఇప్పుడు పెరట్లో పది ముక్కలు వరసగా నిలబడ్డాయి, ఒక్కోదాంట్లో ఒక్కో తీగ. అందరూ ముక్కలే కాబట్టి, ముందు ముక్కనైన నేనే పెద్దదాన్ని. రెండుగా చీలిన నన్ను మాత్రం వెల్లకిలా పడుకోబెట్టి, కోళ్లకు తొట్టి చేశారు. రోజూ పొద్దున్నే వన్నూరప్ప బిందె తెచ్చి వంచుతాడు. ఏమైతేనేం, నాలో నీళ్లు పడ్డాయి.