రెండు చెంచాల పొడి

డెబ్బై నాలుగో ఫోను పెట్టేసేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం రెండున్నరైనా అన్నం డబ్బా మూత తియ్యలేదు.

హాలు నిండా నలభై మంది ఆడవాళ్లు, ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లు తగిలించుకుని, ఒకే మూలికల పొడిని ఊరందరికీ అంటగడుతున్నారు. రోజూ రెండు చెంచాలు వేసుకుంటే రోగనిరోధక శక్తి పెరుగుతుందనీ, మూలికలే కాబట్టి ఏ హానీ లేదనీ బల్లకు అంటించిన కాగితంలో ఉంది. చివరి వాక్యం మాత్రం ఎవరూ మింగెయ్యకూడదు: "మా అమ్మక్కూడా ఇదే ఇస్తున్నానండీ."

ఆమెకు అమ్మ లేదు. ఆ మాటకొస్తే ఎవరూ లేరు. గది తలుపు తీసేదీ తనే, వేసేదీ తనే. తిన్నావా, ఉన్నావా అని అడిగే దిక్కు ఒక్కడే. పొడి డబ్బా అయిపోవచ్చినప్పుడల్లా ఆమె నంబరే కావాలని పట్టుబట్టే ముసలి దర్జీ. ఇప్పుడు మోగిన ఫోను ఆయనదే.

"ఏమ్మా, మీ అమ్మ ఎలా ఉంది?"

"బాగుంది బాబాయ్‌గారూ." అబద్ధం పాతబడింది గానీ, ఆయన అడగడం ఆమెకు ప్రతిసారీ కొత్తే.

"నాకే బాగాలేదు. కాళ్లు వాచాయి. ఇంకో చెంచా ఎక్కువ వేసుకోనా?"

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" కాగితంలో లేని ప్రశ్న అది.

"నాలుగేళ్ల కిందట కిడ్నీ మార్చారమ్మా. మా చెల్లెలిచ్చింది. ఒళ్లు దాన్ని పరాయిదనుకుని తరిమెయ్యకుండా, రోగనిరోధక శక్తిని అణిచి ఉంచే బిళ్లలట, అవే."

బిళ్లలు అణుస్తున్న ఆ శక్తినే ఈ పొడి పెంచుతుందని కదా పొద్దుట్నించీ తను ఊదరగొడుతున్నది! నిజంగా పెంచుతుందో లేదో ఆమెకు తెలియదు. ఆ హాల్లో ఎవరికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. నోరు విప్పితే ఈ ఒక్క మనిషీ ఇక ఫోన్ చెయ్యడు.

"బాబాయ్‌గారూ, ఆ పొడి ఇంక ముట్టుకోకండి. ఇవాళే మీ డాక్టరు దగ్గరికెళ్లి డబ్బా చూపించండి. బిళ్లలు మాత్రం మానొద్దు."

"అదేంటమ్మా, మీ అమ్మక్కూడా ఇస్తున్నానన్నావుగా?"

"నాకు అమ్మ లేదండీ. నా చిన్నప్పుడే పోయింది."

"మరి ఇన్నాళ్లూ నేను బాగోగులడిగింది ఎవరివమ్మా?" అన్నాడాయన. కోప్పడినా బాగుండేది. ఫోన్ పెట్టేశాడు.

ఇంకో లైన్లో అంతా విన్న సూపర్‌వైజరు చిందులు తొక్కుతూ వచ్చాడు.

"మతిపోయిందా నీకు? ఇప్పుడే ఫోన్ చేసి, పొరపాటున చెప్పాను, నిక్షేపంగా వాడుకోండి అను. లేదా, రేపట్నించి రాకు!"

ఆమె దర్జీ నంబరు నొక్కింది. అతను నడుం మీద చేతులు పెట్టుకుని నెత్తిమీద నిలబడ్డాడు. ఎనిమిదిసార్లు మోగాక ఆయన ఎత్తాడు.

"నేనే బాబాయ్‌గారూ," అందామె. "ఆసుపత్రికి బయల్దేరారా?"

ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. జవాబు రాకముందే సూపర్‌వైజరు ఫోను వైరు లాగేశాడు.