తల్లికి గాటు

మంటలు ఆరి నెల దాటినా కొండ మీద మసి వాసన పోలేదు. బెల్మీరో గొడ్డలి భుజాన వేసుకుని తన కొండవాలు అంచున నిలబడ్డాడు. తాత నాటిన బిరడా చెట్లన్నీ బొగ్గు మొద్దులై ఉన్నాయి. మూడేళ్ల కిందట బెరడు ఒలిచి, మానుల మీద తెల్లరంగుతో వేసిన సంవత్సరం అంకె కూడా కాలిపోయింది.

ఈ కొండల్లో పంటంటే బెరడే. ఒకసారి ఒలిస్తే మళ్లీ తొమ్మిదేళ్లకు. మానుల మీద అంకె వేసేది ఆ లెక్క కోసమే. ఇక్కడ పెళ్లిళ్లు కూడా ఒలుపు ఏడాది చూసుకునే పెట్టుకుంటారు. ప్రపంచంలో ద్రాక్షసారా సీసాలకు పెట్టే బిరడాల్లో సగం ఈ దేశపు బెరడేనని ఫ్యాక్టరీల వాళ్లు గొప్పలు పోతారు. ఆ ఫ్యాక్టరీలేమో ఎక్కడో ఉత్తరాన. చెట్లు ఇక్కడ, మేడలు అక్కడ. మంటలు లేచిన రోజున అటునుంచి ఒక్క బకెట్టు నీళ్లు రాలేదు.

కింద జీపు ఆగింది. బెల్మీరో భార్య దెవొలిందా తమ్ముడు గాస్పార్ ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. కాగితం మిల్లు కోసం జామాయిల్ తోటలకు భూములు కుదిర్చి పెట్టడం అతని పని.

"ఏం బావా, ఇంకా శవజాగారమేనా? మధ్యాహ్నం మిల్లు ఆయన వస్తున్నాడు. చుట్టూ అందరూ ఒప్పుకున్నారు. నీ నేల ముక్కొక్కటే నడుమ మిగిలింది."

"నడుమ ఉంటే నీకు నొప్పేంట్రా?"

"చచ్చిన చెట్లకు నువ్వు కాపలా కాస్తే నాకేం నొప్పి? మా అక్క ఏం తింటుందా అని!"

"చచ్చాయని నీకెవడు చెప్పాడు?"

"అయితే బతికున్నాయని చూపించు. గొడ్డలి చేతిలోనే ఉందిగా? ఒక్క గాటు పెట్టు. లోపల తడి ఉంటే ఆయన్ని నేనే వెనక్కి పంపేస్తా. ఎండిపోయి ఉంటే సంతకం పెట్టు. అంతే!"

న్యాయంగానే ఉంది మాట. నెల రోజులుగా బెల్మీరోకి నిద్ర పట్టనివ్వని ప్రశ్న కూడా అదే. దగ్గర్లో ఉన్న పెద్ద మాను ముందు కాళ్లు నిలదొక్కుకుని గొడ్డలి ఎత్తాడు.

బెరడు కింద ఉండే పల్చటి పొరను ఇక్కడివాళ్లు తల్లి అంటారు. బెరడంతా పుట్టేది దానిలోంచే. చెయ్యి తిరిగినవాడెవడూ ఒలిచేటప్పుడు గొడ్డలి అంచు తల్లిని తాకనివ్వడు. తాకితే ఆ మచ్చ చెట్టున్నంత కాలం ఉంటుంది. అది పచ్చని చెట్టు సంగతి. నిప్పు తిన్న చెట్టుకైతే, కోలుకుంటున్న ప్రాణం కూడా ఆ గాటుతోనే పోతుంది.

ఎత్తిన గొడ్డలి గాల్లోనే ఆగింది.

"ఏం బావా, భయమేసిందా?"

"వేసింది." బెల్మీరో గొడ్డలి దించాడు. "అమ్మకి ఊపిరుందో లేదో గొంతు కోసి చూస్తామా, గాస్పార్?"

"మరి తెలిసేదెట్లా?"

"వసంతంలో చిగురు వేస్తే తెలుస్తుంది."

"వెయ్యకపోతే? అప్పటికి ఈ ధర ఉండదు!"

"ఉండకపోనీ. చస్తే నేనే నరుకుతా, నేనే మళ్లీ బిరడా మొక్క నాటుతా. జామాయిల్ మాత్రం ఈ వాలు మీదికి రాదు. పోయి చెప్పు."

రొట్టెల బుట్టతో అప్పుడే పైకి వచ్చిన అక్క వైపు ఆశగా చూశాడు గాస్పార్. దెవొలిందా ఒక రొట్టె విరిచి అతని చేతిలో పెట్టింది.

"తింటూ పోరా. ఆ మిల్లు ఆయనకీ ఓ ముక్క ఇవ్వు. ఉత్త చేతుల్తో పంపితే ఏం బావుంటుంది?"

జీపు చప్పుడు దూరమయ్యాక బెల్మీరో, "గుడిసెలో తెల్లరంగు డబ్బా ఉంది, పట్రా" అన్నాడు.

"ఒలిచిందేమన్నా ఉందా అంకె వెయ్యడానికి?"

"నేను ఒలవలేదు. ఈసారి నిప్పు ఒలుచుకుపోయింది. లెక్క ఇక్కణ్ణుంచే."

ఆమె రంగు తెచ్చింది. అతను అరచేత్తో మెల్లగా మసి తుడిచి, ఆ సంవత్సరం చివరి అంకె, ఏడు, మాను మీద వేశాడు. రెండో చెట్టు దగ్గర కుంచె ఆమె లాక్కుంది.

"ఇటివ్వు. నీ ఏడు ఎప్పుడూ వంకరే."