కొండ ఊడ్చే మనిషి

మా మావగారు జగన్నాధంగారికి చెత్త కనిపిస్తే నిద్ర పట్టదు. ఇంట్లో చీపురు ముట్టుకోరు గాని, ఏటా ఫాల్గుణంలో మా పొలం వెనకున్న కొండను మాత్రం శుభ్రంగా ఊడుస్తారు. అగ్గితో.

అది రిజర్వు ఫారెస్టు. నిప్పు పెడితే నేరమని రేకు బోర్డు కూడా ఉంది. ఆ రోజులకు మద్ది, తునికి, ఇప్ప చెట్లు ఆకంతా రాల్చేసి మోడుల్లా నిలబడతాయి. కింద చీలమండ మునిగేంత ఎండుటాకు. అది తగలబెడితే తొలకరికి ఆవులకు లేతగడ్డి వస్తుందని మా ఊళ్ళో తాతలనాటి నమ్మకం. ఆ ఆకు కిందే వాననీరు ఇంకి, మెల్లగా కొండవాగులోకి, అదే మా గెడ్డలోకి, దిగి మా మడి తడుపుతుందని నా గోల. ఇక్కడ బోరు పడదు, అంతా రాయి. గెడ్డ ఎండితే మా సేద్యం ఎండినట్టే.

“ఈ ఏడు ఒగ్గేయండి మావయ్యా. నిరుడు దసరాకే గెడ్డ ఎండిపోనాది కదా.”

“సచ్చిన అడివికి కాపలా ఏటమ్మా?”

“సచ్చిపోలేదు, ఆకు రాల్చుకుని పడుకున్నాది. మీరు మజ్జాన్నం కునుకు తీస్తే మీ మంచం కింద అగ్గెట్టానా?”

“ఎట్టాల్సింది,” అన్నారు మా అత్తగారు సుభద్రమ్మ. “నాను కాపరానికొచ్చినప్పుడు ఉగాదికి కూడా ఆ గెడ్డలోనే గుడ్డలుతికేవోళ్ళం.”

“నువ్వూ దాని పార్టీయేనేటే?”

మాటలతో అయ్యే పని కాదని, ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ ఏరి బియ్యం డబ్బా అడుగున దాచాను. దేవుడి దగ్గరది కూడా. గ్యాస్ లైటరు నడుముకి దోపుకుని తిరిగాను. మర్నాడు మావగారు దేనికోసమూ వెతకలేదు. గెలిచాననుకుని, పెరట్లో ఆయన స్నానానికి నీళ్ళ పొయ్యి ఇంకాస్త ఎగదోశాను.

తువ్వాలు తెచ్చేసరికి పొయ్యిలో ఒక కొరివి తక్కువైంది.

మధ్యాహ్నానికి పొగలో కొండ కనపడలేదు. పెద్దచెట్లకు ఏమీ కాలేదని మావగారు చూపించారు. వాటి కింద జానెడెత్తు మొలకలన్నీ నల్లపుల్లలైపోయాయని నేను చూపించాను.

“అయ్యీ సెట్లేనేటి?” అన్నారు.

రేకు బోర్డు మసిబారింది గాని నిలబడే ఉంది. అడవిలో రక్షణ దొరికింది దానికొక్కదానికే.

ఆషాఢంలో వానలు బాగానే పడ్డాయి. బూడిదా మట్టీ కలిసి గెడ్డ ఒక్క ఊపున దిగి, మా ఆకుమడిని ఇసుకతో కప్పేసింది. వాన వెలిసిన మర్నాటికి గెడ్డలో రాళ్ళు తేలాయి. ఇసుక తోడి మళ్ళీ విత్తనం చల్లాం. మొలక వచ్చింది; తడపడానికి నీళ్ళు లేక మాడిపోయింది. మావగారు గట్టు మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టారు.

కొండ వాలు మాత్రం పచ్చగా ఉంది. మోపెడు గడ్డి కోసుకొచ్చి ఆవు ముందు వేశారు.

“సూడమ్మా, ఎంత బాగొచ్చినాదో! వచ్చే ఏడు పైదాకా అగ్గెట్టాల.”

ఆవు రెండు పరకలు నమిలి, తొట్టిలో మూతి పెట్టి అడుగు నాకింది.

“దానికి నీల్లెట్టమ్మా,” అన్నారు.

బిందె తీసుకుని వాకిట్లోకి వచ్చాను. ఎటు వెళ్ళాలో తెలియలేదు.